ప్రొజెక్టర్ వెలుగులో అప్పటికప్పుడు సంగీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోడల నిండా ప్రొజెక్టర్ వెలుగులు పరుచుకున్న ప్రదర్శనలో, ముందుగా రాసుకున్నది ఏదీ లేకుండా కొందరు కూర్చుని శబ్దాలు చేస్తారు. ఇలాంటి సాయంత్రానికి మొదటిసారి వచ్చేవాళ్లు తలుపు దగ్గర అడిగేవి కొన్ని, బయటికి వెళ్తూ అడిగేవి కొన్ని, సొంతంగా చేద్దామనుకునేవాళ్లు అడిగేవి మరికొన్ని. ఎన్నిసార్లు చెప్పినా అవే ప్రశ్నలు వస్తున్నాయని ఒకచోట చేర్చాం. వరసగా చదవక్కర్లేదు. మీ డౌట్ ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## రాకముందు

ఇది కచేరీనా, ఎగ్జిబిషనా? ఏమనుకుని రావాలి?

రెండూను. వెలుగుతో చేసిన పనులు రోజుల తరబడి అక్కడే ఉంటాయి, వాటిని మామూలు ప్రదర్శనలాగే తిరిగి చూడొచ్చు. సంగీతం మాత్రం చెప్పిన టైముకి, ఆ వెలుగుల మధ్యే జరుగుతుంది. సినిమాలో నేపథ్య సంగీతంలా బొమ్మకి సాయం చేయడం ఇక్కడ పని కాదు. పాటల కార్యక్రమంలో వెనక వేసే రంగుల లైటింగూ కాదు. ఒకటి తీసేసినా రెండోది తన కాళ్ల మీద నిలబడగలగాలి. అలా నిలబడలేని వెలుగుకి సంగీతం తోడు పెడితే అది ముసుగే అవుతుంది. అలాంటి కార్యక్రమాలూ జరుగుతుంటాయి, పోస్టర్ చూసి మాత్రం కనిపెట్టలేం.

నాకు రాగం, తాళం ఏమీ తెలియవు. వస్తే అర్థమవుతుందా?

తెలియకపోవడం ఇక్కడ అడ్డు కాదు. తెలిసినవాళ్లకే మొదట్లో కాస్త ఇబ్బంది, ఎందుకంటే వాళ్ల చెవి అలవాటుగా శ్రుతిని, సమాన్ని వెతుకుతుంది. ఇక్కడ గమనించాల్సినవి ఎవరికైనా వినిపించేవే: శబ్దం గరుకుగా ఉందా నున్నగా ఉందా, దగ్గరగా ఉందా దూరంగా ఉందా, ఎంతసేపు నిలిచింది, దేని తర్వాత ఏది వచ్చింది. వర్షం పడుతుంటే రేకు మీద, ఆకు మీద, నేల మీద వేరువేరుగా వినగలిగిన చెవి ఉంటే చాలు.

ఎంతసేపు ఉంటుంది? మధ్యలో లేచి వెళ్లొచ్చా?

సాధారణంగా ఒక్కో సెట్ (ఆగకుండా వాయించే ఒక విడత) అరగంట నుంచి ముప్పావుగంట ఉంటుంది. వెళ్లొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కాకపోతే శబ్దం బాగా పెరిగినప్పుడు లేవండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చెప్పుల చప్పుడు కూడా సంగీతంలో కలిసిపోతుంది.

చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

నిక్షేపంగా. పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడరు కాబట్టి పిల్లలు చాలామంది పెద్దవాళ్లకంటే హాయిగా వింటారు. చీకటంటే భయపడేవాళ్లయితే తలుపు పక్కన కూర్చోండి. సౌండ్ ఎక్కువ ఉంటుందని ముందే చెప్పిన కార్యక్రమానికైతే చెవులకి ఇయర్‌మఫ్‌లు పెట్టండి.

ఫిట్స్ వచ్చే అలవాటున్నవాళ్లు రావచ్చా?

ముందుగా నిర్వాహకులకి ఫోన్ చేసి, టపటపా కొట్టుకునే లైట్లు ఉన్నాయా అని సూటిగా అడగండి. వెలుగు వల్ల ఫిట్స్ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ప్రమాదం సెకనుకి 3 నుంచి 30 సార్లు వెలిగి ఆరే కాంతితో. నెమ్మదిగా రంగు మారే ప్రొజెక్షన్లతో సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు, స్ట్రోబ్ లైట్లతోనే జాగ్రత్త. ఫిలిం ప్రొజెక్టర్ ముందు చెయ్యో ఫ్యానో ఆడిస్తూ చేసే ప్రదర్శనలు కూడా స్ట్రోబ్ కిందికే వస్తాయి, ఈ సంగతి నిర్వాహకులకే ఒక్కోసారి తట్టదు. హాల్లో ఉండగా అనుకోకుండా మొదలైతే కళ్లు రెండూ మూసుకోవడం చాలదు, రెప్పల్లోంచి కూడా వెలుగు లోపలికి వస్తుంది. ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూసి, మొహం పక్కకి తిప్పుకుని బయటికి వచ్చేయండి. డాక్టర్ వద్దన్నవాళ్లు మాత్రం సాహసం చేయొద్దు.

చెవులు దెబ్బతినేంత సౌండ్ ఉంటుందా?

కొన్నిచోట్ల అసలు మైకే ఉండదు, కొన్నిచోట్ల ఛాతీ అదిరేంత ఉంటుంది. లెక్క మాత్రం తెలుసుకుని ఉంచుకోవడం మంచిది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చని శ్రవణ ఆరోగ్య నిపుణుల సూచన. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగానికి పడిపోతుంది. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంటే. నురుగు ఇయర్‌ప్లగ్స్ జేబులో వేసుకుని రండి. నలిపి సన్నగా చేసి, చెవి పైభాగాన్ని కొంచెం పైకి లాగి లోపలికి దోపితేనే పనిచేస్తాయి. పైపైన పెట్టుకుంటే పెట్టుకోనట్టే.

## హాల్లో కూర్చున్నాక

ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

ఒక మంచి సీటంటూ ఉండదు. వాయించేవాళ్లు గోడలవారగా చెదిరి కూర్చుంటే ప్రతి చోటా వేరే సంగీతమే వినపడుతుంది. తిరగనిచ్చే ప్రదర్శనైతే మెల్లగా తిరగండి, ప్రొజెక్టర్‌కీ గోడకీ మధ్యలోకి మాత్రం వెళ్లకండి. మీ నీడ కూడా ప్రదర్శనలో భాగమని కళాకారులే చెబితే అది వేరే సంగతి.

లోపలికి రాగానే ఏమీ కనపడలేదు. ఇంత చీకటి అవసరమా?

అవసరమే. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసకమసక వెలుగుతో చేసిన పనులు ఆ తర్వాతే పూర్తిగా కనిపిస్తాయి. మధ్యలో ఎవరైనా ఫోన్ తెరిస్తే వాళ్లతోపాటు పక్క నలుగురి కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. అందుకే పది నిమిషాలు ముందే వచ్చి కూర్చోమంటాం.

నిజంగా అప్పటికప్పుడే వాయిస్తారా? ముందే ప్రాక్టీస్ చేసి ఉంటారుగా?

ఏం వాయించాలో ముందు అనుకోరు. కానీ వాయించగలగడం ఏళ్ల సాధన. ఒక తీగని విల్లుతో ఎంత నొక్కితే ఎలా గీరుతుంది, ఏ బటన్ తిప్పితే ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన శబ్దం మళ్లీ లోపలికే వెళ్లి పెట్టే ఈల) ఎటు పరిగెడుతుంది అనేవి చేతికి తెలిసి ఉండాలి. బృందంగా చేసే సాధన కూడా ఉంటుంది, అది ఎక్కువగా వినడంలోనే. ఒకరు మొదలుపెట్టిన దాన్ని తక్కినవాళ్లు మోయాలా, ఎదురెళ్లాలా, వదిలేయాలా అన్నది అర క్షణంలో తేల్చుకోవాలి. ఎవరు చేతులు ఎప్పుడు కిందికి దించారో గమనించండి, బాగా వాయించేవాళ్లు అక్కడే తెలిసిపోతారు. ఎక్కువ వాయించేవాడి కన్నా సరైన చోట ఆగేవాడే ఇందులో గట్టివాడు.

కొన్ని బృందాల్లో నడిపించే మనిషి కూడా ఉంటారు. అమెరికన్ సంగీతకారుడు బుచ్ మోరిస్ 1985 నుంచి కండక్షన్ అనే పద్ధతి పెంచుకుంటూ వచ్చాడు. చేతి సైగలతో 'ఇది నిలబెట్టు', 'అతను వాయించింది నువ్వు తీసుకో', 'ఇందాకటిది గుర్తుంచుకో' అని చెప్పేవాడు. స్వరాలు మాత్రం చెప్పేవాడు కాదు, అవి వాయించేవాళ్లవే.

మన కచేరీల్లో మనోధర్మం కూడా అప్పటికప్పుడే కదా. తేడా ఏముంది?

మంచి ప్రశ్న, తరచుగా వస్తుంది. ఆలాపన చేసే గాయకుడికి రాగం హద్దులు గీసి ఇస్తుంది. ఏ స్వరం మీద నిలవాలి, ఏ సంచారం ఆ రాగానిది కాదు అన్నది పాడేవాడికీ వినేవాడికీ ముందే తెలుసు. కల్పనస్వరాలు ఎంత దూరం వెళ్లినా పల్లవి ఎత్తుగడకి వచ్చి పడాల్సిందే. ఆ తిరిగి రావడంలోనే రుచి ఉంటుంది. ఇక్కడ అలా తిరిగి రావాల్సిన చోటు లేదు. హద్దులు కూడా వాయిస్తూ వాయిస్తూనే పుడతాయి, ఒక్కోసారి పది నిమిషాలకే చెరిగిపోతాయి. స్వేచ్ఛ ఎక్కువ కదా అని దీన్ని గొప్పగా చూపించేవాళ్లున్నారు, నాకది ఒప్పుదల కాదు. హద్దులు లేనప్పుడు చెయ్యి పాత అలవాట్లలోకి జారిపోవడం చాలా సులువు.

వెలుగు సంగీతాన్ని బట్టి మారుతోందా, సంగీతం వెలుగుని బట్టి మారుతోందా?

మూడు రకాలుగా చేస్తారు. మొదటిది యంత్రం చేత కలపడం: మైక్‌లోంచి వచ్చే సిగ్నల్‌ని కంప్యూటర్ కొలిచి, శబ్దం పెరిగితే వెలుగు పెంచుతుంది. చూడగానే ఆకట్టుకుంటుంది, అయిదు నిమిషాల్లో దాని గుట్టు తెలిసిపోతుంది. రెండోది మనుషులే కలుపుకోవడం: ప్రొజెక్టర్ దగ్గరున్నవాళ్లూ వాయించేవాళ్లూ ఒకరినొకరు గమనిస్తూ నడుస్తారు. మూడోది అసలు కలపకపోవడం. ఒకే చోట, ఒకే సమయానికి, ఎవరి పని వాళ్లు చేస్తారు. స్వరకర్త జాన్ కేజ్, నాట్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ సంగీతాన్నీ నాట్యాన్నీ విడివిడిగా తయారుచేసి, నిడివి మాత్రం ఉమ్మడిగా పెట్టుకుని వేదిక మీదికి తెచ్చేవారు.

ఈ మూడోదే నాకు ఎక్కువ ఇష్టం. ఒకేసారి జరిగిన చప్పుడునీ మెరుపునీ ఒకే సంఘటనగా ముడివేయడం మన మెదడుకి అలవాటు. నీలం మరక గోడ మీద విచ్చుకుంటున్నప్పుడు ఎక్కడో ఒక గంట మోగితే, మరకే మోగినట్టుంటుంది. ఎవరూ ఏర్పాటు చేయని ఆ ముడులు ప్రతి ప్రేక్షకుడికీ వేరేగా పడతాయి.

చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఏమైనా పాడైందా?

కాకపోవచ్చు. వాయించేవాళ్లు కదలకుండా, కళ్లు దించి కూర్చున్నారంటే అది వాళ్లు ఎంచుకున్న నిశ్శబ్దమే. ఒకరు వైర్ పట్టుకుని టేబుల్ కిందికి దూరారంటే నిజంగానే ఏదో పాడైనట్టు.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

వాయించేవాళ్లు వాయిద్యం మీంచి చెయ్యి తీసి తల ఎత్తేవరకు ఆగండి. పక్కవాళ్లు కొట్టారని కొట్టకండి, వాళ్లూ మిమ్మల్నే చూస్తుంటారు.

ఫోన్‌లో వీడియో తీయొచ్చా?

ముందు అడగండి. అనుమతి ఉన్నా ఫలితం మీద ఆశ పెట్టుకోకండి. కొన్ని ప్రొజెక్టర్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి చాలా వేగంగా వేస్తాయి. కన్ను వాటిని కలిపేసుకుంటుంది, కెమెరా కలపలేక చారలు చూపిస్తుంది. షట్టర్ వేగం చేత్తో మార్చే వీలుంటే 1/50 లేదా 1/60 సెకను పెట్టి చూడండి, కొంత తగ్గుతుంది. లేజర్లు వాడుతున్నచోట ఫోన్ ఎత్తనే వద్దు. కిరణం నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ శాశ్వతంగా కాలిపోవచ్చు.

## తెర వెనక సంగతులు

గిటార్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి ఏం చేస్తున్నారు?

తీగల మీద చిన్న ఫ్యాన్ రెక్క తగిలించడం, స్ప్రింగ్ దోపడం, స్టీలు స్కేలుతో గీయడం, రేడియోని పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) దగ్గర పెట్టి గిటార్లోంచి రేడియో మోగించడం, ఇలాంటివి. 1965లో లండన్‌లో మొదలైన ఏఎంఎం బృందంలో కీత్ రో ఈ పద్ధతికి దారి వేశాడు. ఆయన చిత్రకళ చదువుకున్నవాడు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కాన్వాస్‌ని నేల మీద పరిచి రంగు చల్లడం చూసి, గిటార్‌ని కూడా పడుకోబెడితే దాని పాత వేళ్ల అలవాట్లన్నీ పోతాయని గ్రహించాడు. వెలుగు ప్రదర్శనల్లో ఈ తరహా సంగీతం ఇట్టే ఇమిడిపోవడానికి ఈ చిత్రకళ చుట్టరికం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఒకాయన ముందు సౌండ్ మిక్సర్ ఒక్కటే ఉంది. మరి సౌండ్ ఎక్కడినుంచి వస్తోంది?

మిక్సర్ లోంచే. బయటికి వెళ్లే అవుట్‌పుట్ వైరుని తీసుకొచ్చి దాని ఇన్‌పుట్‌లోనే గుచ్చుతారు. సర్క్యూట్‌లో ఉండే సన్నని రొద తిరిగి తిరిగి పెరిగి సన్నటి ఈలగానో, టిక్‌టిక్‌మనే చప్పుడుగానో, గర్జనగానో మారుతుంది. ఈక్వలైజర్ బటన్ వెంట్రుకవాసి తిప్పితే చాలు, మొత్తం మారిపోతుంది. టోక్యోకి చెందిన తోషిమారు నకమురా దీన్ని పూర్తిస్థాయి వాయిద్యంగా వాయించి పేరు తెచ్చుకున్నాడు. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని మాత్రం మొదలుపెట్టకండి, సౌండ్ చెప్పకుండా పైకి లేస్తుంది.

గోడ మీద ఈదే ఆ రంగు బుడగలు కంప్యూటర్‌లో చేసినవేనా?

చాలాసార్లు కాదు. క్లాసుల్లో పారదర్శక షీట్లు చూపించడానికి వాడిన పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఉంటుంది. దాని గాజు పలక మీద వెడల్పాటి గాజు పళ్లెం పెట్టి నీళ్లు పోస్తారు, అందులో రంగు కలిపిన నూనె వేస్తారు. రెండూ కలవవు కాబట్టి నూనె గుండ్రటి చుక్కలుగా తేలుతుంది. పైనుంచి ఇంకొక చిన్న పళ్లెం దించి నొక్కితే చుక్కలు పగిలి తీగలు సాగుతాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. ఇదంతా గోడ మీద ఆరడుగుల ఎత్తున కనిపిస్తుంది. కింద దీపం వేడికి పళ్లెం వెచ్చబడేకొద్దీ నూనె పలచబడి కదలిక వేగం పెరుగుతుంది. అంటే సెట్ చివరికొచ్చేసరికి మొదట్లో నేర్చుకున్న చేయి పనికిరాదు. 1960ల చివర్లో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ వేదిక మీద రాక్ బృందాల వెనక జాషువా లైట్ షో అనే బృందం వాడిన పద్ధతుల్లో ఇదొకటి.

ఇదంతా ఈమధ్య పుట్టిన ఫ్యాషనేనా?

లూయీ బెర్ట్రాండ్ కాస్టెల్ అనే ఫ్రెంచి పాద్రీ మీట నొక్కితే రంగు కనిపించే వాయిద్యం గురించి 1725లోనే ప్రతిపాదించాడు. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ 1910 నాటి తన ఆర్కెస్ట్రా రచనలో వెలుగుకి ప్రత్యేకంగా ఒక వరస రాశాడు. 1915లో న్యూయార్క్‌లో దాన్ని రంగుల వెలుగుతో సహా ప్రదర్శించారు. డెన్మార్క్‌లో పుట్టిన థామస్ విల్‌ఫ్రెడ్ 1922లో క్లావిలక్స్ అనే వెలుగు వాయిద్యంతో న్యూయార్క్‌లో ప్రదర్శన ఇచ్చాడు. వెలుగుకి సంగీతం తోడు అక్కర్లేదని ఆయన పట్టుదల, ఎక్కువగా నిశ్శబ్దంలోనే వాయించాడు. 1957 నుంచి 1959 వరకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని మారిసన్ ప్లానెటేరియంలో హెన్రీ జేకబ్స్ ఎలక్ట్రానిక్ ధ్వనినీ, జోర్డన్ బెల్సన్ గోపురం మీది వెలుగునీ కలిపి వోర్టెక్స్ కచేరీలు నడిపారు.

## మీరే చేయాలనుకుంటే

ప్రొజెక్టర్ ఎంత పవరున్నది కావాలి?

లూమెన్లని (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగు కొలత) గోడ వైశాల్యంతో భాగించండి. 3000 లూమెన్ల ప్రొజెక్టర్ 4 మీటర్లు, 3 మీటర్ల బొమ్మ వేస్తే చదరపు మీటరుకి 250 లూమెన్లు, అంటే 250 లక్స్ పడుతుంది, బ్రహ్మాండం. అదే ప్రొజెక్టర్‌ని వెనక్కి జరిపి 120 చదరపు మీటర్ల గోడంతా నింపితే 25 లక్స్ మాత్రమే. పూర్తి చీకట్లో అది కూడా బాగుంటుంది, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చెదిరిపోతుంది. కొనేముందు ఫ్యాన్ చప్పుడు వినండి. సంగీతం మంద్రంగా ఉన్నప్పుడు ప్రొజెక్టర్ ఫ్యానే అందరికంటే గట్టిగా వాయిస్తుంది.

హాల్లో ప్రతి శబ్దమూ మారుమోగి గజిబిజి అవుతోంది. ఏం చేయాలి?

ఎగ్జిబిషన్ గదులు నున్నటి గోడలు, గట్టి నేలతో ఉంటాయి కాబట్టి ఇది తప్పదు. ఉదాహరణకి 10 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 4 ఎత్తు ఉన్న ఖాళీ గదిలో ఒక చప్పుడు పూర్తిగా అణగడానికి మూడున్నర సెకన్ల దాకా పట్టొచ్చు. 40 మంది వచ్చి కూర్చుంటే బట్టలు, శరీరాలు శబ్దాన్ని పీల్చుకుని అది సుమారు సగానికి దిగుతుంది. కాబట్టి ఖాళీ గదిలో చేసిన సౌండ్ చెక్‌ని నమ్మి టెన్షన్ పడొద్దు. వెనక గోడకి మందపాటి తెరలు వేలాడదీయండి, నేల మీద తివాచీలు పరవండి. డ్రమ్స్ వాయించేవాళ్లని తక్కువ వాయించమనండి, ఇది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది.

ఇంకో దారి, గదినే వాయిద్యంగా తీసుకోవడం. స్వరకర్త పాలిన్ ఒలివరోస్, ఆమె సహచరులు 1988లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో భూగర్భ నీటి తొట్టెలోకి దిగి రికార్డ్ చేశారు. అక్కడ మారుమోత 45 సెకన్లు. వాయించిన స్వరం ముక్కాలు నిమిషం వదలదు కాబట్టి నిదానంగా, తక్కువగా వాయించడం తప్ప గతి లేదు. డీప్ లిజనింగ్ అనే ఆమె సాధనకి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

లైట్లు వేయగానే స్పీకర్లో గుయ్‌మంటోంది. ఎందుకు?

రెండు కారణాలు. లైట్ డిమ్మర్లు కరెంటులో రొద పుట్టిస్తాయి, అది ఆడియో వైర్లలోకి పాకుతుంది. లేదా ప్రొజెక్టర్ నడిపే ల్యాప్‌టాప్, మిక్సర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ తీసుకుని, మధ్యలో ఆడియో వైరుతో కలిసి ఒక లూప్ ఏర్పడుతుంది. లైట్లకి ఒక కరెంటు లైను, సౌండ్ మొత్తానికి వేరే లైను తీసుకోండి. రెండు రకాల వైర్లు పక్కపక్కన పరవకండి, తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ల్యాప్‌టాప్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వైర్లు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని మాత్రం దాటించే చిన్న పెట్టె) పెట్టండి. గుయ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎవరు చెప్పినా వినకండి, ప్రాణం మీదికి వస్తుంది.

కిరణాలు గాల్లో కనిపించాలంటే పొగ వేయాలా?

వేయాలి, గాల్లో ఏదో ఒక కణం ఉంటే తప్ప కిరణం పక్కనుంచి కనిపించదు. సన్నటి పొగ వదిలే హేజ్ మెషిన్ చాలు. పొగతో ఫైర్ అలారం మోగే ప్రమాదం ఉంది, భవనం వాళ్లతో ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. ఆస్తమా ఉన్నవాళ్ల కోసం తలుపు బయట బోర్డు పెట్టండి. గాలి ఊది వాయించే కళాకారులనీ అడగండి, వాళ్లు గుండెల నిండా పీల్చేది ఆ పొగనే.

అంతా అప్పటికప్పుడే అయితే ముందుగా మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

ఎంతసేపు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ముగింపు ఎలా గుర్తుపడతాం. ఇంతే. మూడోది తేల్చుకోకపోతే వాయించేవాళ్లు అయిపోయిందనుకుంటారు, ప్రొజెక్టర్ దగ్గరున్న మనిషికి తెలియదు, గోడ మీద బొమ్మ ఒంటరిగా ఆడుతూనే ఉంటుంది. వెలుగు ఆరిపోవడమే ముగింపు అని పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు ఉండదు. 'మొదట మెల్లగా, తర్వాత పెంచుదాం, చివర్లో తగ్గిద్దాం' అని మాత్రం అనుకోకండి. ఏమీ అనుకోకపోయినా సగం సెట్లు ఆ గుట్ట ఆకారంలోకే జారిపోతాయి.

## అయిపోయాక

నాకు అస్సలు నచ్చలేదు. నాకే అర్థం కాలేదంటారా?

ఆ రాత్రి నిజంగానే బాగా రాకపోయి ఉండొచ్చు. అప్పటికప్పుడు చేసే పనిలో చెడిపోయే రాత్రులు తప్పవు, వాయించేవాళ్లకి అది మీకంటే ముందే తెలుస్తుంది. వెళ్లి మాట్లాడండి. 'బాగుంది' అనే మాట కన్నా 'మధ్యలో ఆ గీరుడు ఎందుకు అంతసేపు సాగింది?' అని అడిగితే సంతోషిస్తారు.

రికార్డింగ్ విన్నాను, హాల్లో విన్నట్టు లేదేం?

మిక్సర్ నుంచి నేరుగా తీసిన రికార్డింగ్ అయి ఉంటుంది. అందులో గది లేదు, మైకుకి అందని చిన్న శబ్దాలు లేవు, ప్రేక్షకుల కదలిక లేదు. హాలు మధ్యలో మనిషి చెవుల ఎత్తున రెండు మైకులు పెట్టి విడిగా రికార్డ్ చేసి, రెండూ కలిపితే దగ్గరగా వస్తుంది. కలిపేటప్పుడు రెండిటి టైము సరిచూసుకోండి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది, 17 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి అది 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది.

ఆ రికార్డింగ్ మీద హక్కు ఎవరిది? నేను వాడుకోవచ్చా?

వాయించినవాళ్లు అందరూ, వెలుగు పని చేసినవాళ్లు, రికార్డ్ చేసినవాళ్లు, అందరి అనుమతీ తీసుకోండి. రాసిన స్వరాలు లేవు కదా అని ఎవరిదీ కాదనుకోకూడదు. నిర్వాహకులైతే ప్రదర్శనకి ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: రికార్డింగ్ ఎక్కడ పెట్టొచ్చు, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, ఎవరైనా తీసేయమంటే ఏం చేయాలి. వెలుగు కళాకారుల పేరు ఆడియో ఫైలు వివరాల్లో కూడా ఉండాలని అందులోనే రాయండి.